గోరుకు తగలని ముడి: చీరల బొటిక్‌లో ఒక హత్య, ఆ నవల ప్లాట్‌పై కేస్ స్టడీ

ఫ్యాషన్ రంగంలో డిటెక్టివ్ నవల అనగానే మొదటి అధ్యాయంలో ర్యాంప్ మీద మోడల్ కుప్పకూలుతుంది. లైట్లు ఆరిపోతాయి, కెవ్వున కేక వినిపిస్తుంది. ఆ తర్వాత మూడొందల పేజీల్లో బట్ట ఊసే ఉండదు. అదే హత్యను సిమెంటు ఫ్యాక్టరీకి మార్చినా కథలో వాక్యం కదలదు. అలాంటప్పుడు ఫ్యాషన్ రంగం దేనికి?

ఇక్కడ కేసుగా తీసుకున్నది అచ్చయిన నవల కాదు. పద్ధతి చూపించడానికి కట్టిన ప్లాట్. 24 అధ్యాయాలు, ఒక్కోటి 2,500 మాటలు, మొత్తం 60,000. స్థలాలు రెండు: హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక బొటిక్, భూదాన్ పోచంపల్లిలో ఒక నేత ఇల్లు. కాలం 2024 జులై తర్వాత. ప్లాట్‌కు పెట్టుకున్న షరతు ఒకటే: నేరస్థుణ్ని బట్టే పట్టివ్వాలి. అదీ బట్ట పని తెలిసినవాళ్లు చదివి "ఇలా జరగదే" అనకుండా.

జరిగింది ఏమిటి

కింద షోరూమ్, పైన పనిగది. పనిగదిలో ఒకవైపు కటింగ్ టేబుల్, ఇంకోవైపు మగ్గం వర్క్ ఫ్రేములు నాలుగు. సోమవారం పొద్దున 9:40కి కటింగ్ మాస్టర్ టేబుల్ పక్కన శవమై కనిపిస్తాడు. వయసు 58. తల వెనక దెబ్బ, టేబుల్ ఇనుప మూలకు రక్తం. అనుమానితులు నలుగురు. బొటిక్ యజమానురాలైన డిజైనర్, సరుకు కొనే సోర్సింగ్ మేనేజర్, శనివారం షోరూమ్‌కు వచ్చి గొడవపడి వెళ్లిన పోచంపల్లి నేత కార్మికుడు, మూడు నెలల జీతం బాకీ ఉన్న మగ్గం వర్క్ కారిగర్.

చేసింది మేనేజర్. పోచంపల్లి నుంచి అతను 12 పట్టు ఇక్కత్ చీరలు తెప్పించాడు. అందులో ఒకదాన్ని స్కాన్ చేయించి, పవర్‌లూమ్ మీద నేసిన తెల్ల పట్టు బట్ట మీద సూరత్‌లో 60 చీరలు డిజిటల్ ప్రింట్ కొట్టించాడు. మొత్తం 72నీ చేనేత ఇక్కత్‌గా లెక్కలో రాశాడు. ప్లాట్ కోసం పెట్టుకున్న ధరల్లో అసలు చీర 14,000, ప్రింటు చీర 2,600. తేడా 11,400, అరవై చీరలకు 6,84,000 రూపాయలు. ఆదివారం రాత్రి మాస్టర్ ఆ సంగతి బయటపెడతానన్నాడు, తోపులాట జరిగింది, పడ్డాడు. మేనేజర్ అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. కోసిన ముక్కలు మూటగట్టుకుని వెళ్లిపోయాడు.

పథకం వేసి చేసిన హత్యను మొదటి ప్లాన్‌లోనే కొట్టేశాం. ఆరు లక్షల ఎనభై నాలుగు వేల కోసం, ఇరవై ఏళ్లుగా కలిసి పనిచేసిన మనిషిని ముందే ఆలోచించి చంపాడంటే పాఠకుడు నమ్మడు. అనుకోకుండా జరిగిన చావు, ఆ తర్వాత బాగా ఆలోచించి చేసిన దాపరికం: ఇది పనిగదికి సరిపోతుంది. రంగుల్లో విషం కలిపే ఆలోచన కూడా వచ్చింది. 1861లో లండన్‌లో కృత్రిమ పూలు తయారుచేసే పందొమ్మిదేళ్ల మటిల్డా ష్యూరర్ ఆకుపచ్చ ఆర్సెనిక్ రంగు పొడి పీల్చి, మింగి చనిపోయిన ఉదంతం రికార్డుల్లో ఉంది. కానీ అది ఆ కాలపు రంగు, ఆ కాలపు పని. జూబ్లీహిల్స్‌లోకి దాన్ని లాక్కొస్తే విషం కోసం కథ నడుస్తుంది, బట్ట మళ్లీ గోడకు తగిలించిన పటమైపోతుంది.

మాస్టరే ఎందుకు

ప్లాట్ మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడింది. బొటిక్‌లో చీర ఏ చేతుల మీదుగా నడుస్తుందో వరసగా రాసుకుంటే జవాబు తనంత తనే వస్తుంది. మూట విప్పి స్టాకులో రాసేవాళ్లు, ఇస్త్రీ చేసి మడతపెట్టేవాళ్లు, షోరూమ్‌లో పరిచి చూపించేవాళ్లు, అమ్మాక ఫాల్ కుట్టి పీకో చేసేవాళ్లు. వీళ్లంతా చూసేది చీర ఒంటినే. పోగును విడిగా ఎవరూ చూడరు. చీరను చీరగానే అమ్మినంత కాలం ఆ మోసం బయటపడదు. ఒక కస్టమర్ ఆ చీరనే లెహంగాగా కుట్టమంటుంది. అప్పుడు మొదటిసారి కత్తెర పడుతుంది. కోసిన చోట పోగులు ఊడతాయి. ఊడిన పోగు మాస్టర్ వేళ్లకు అంటుకుంటుంది.

కాబట్టి రహస్యం తెలుసుకునేవాడు, దానివల్ల చనిపోయేవాడు మాస్టరే. డిజైనర్ చనిపోతే కథకు గ్లామర్ వచ్చేది, నిజమే. కానీ డిజైనర్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు. ఎవరికి ఏ పని వల్ల ఏం తెలుస్తుందో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే శవం ఎవరిదో నిర్ణయించాలి. చాలా రాతప్రతుల్లో ఈ వరస తలకిందులుగా ఉంటుంది.

పోగు ఏం చెబుతుంది

ఇక్కత్‌లో రంగు నేతకు ముందే పోగుకు పడుతుంది. పోచంపల్లివాళ్ల మాటల్లో అది చిటికి పని. పేక (అడ్డపోగు) మీద డిజైన్ కావాలంటే ముందు ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల చుట్టూ పట్టు పోగును అటూ ఇటూ తిప్పి కట్టలుగా చేస్తారు. గ్రాఫ్ కాగితం మీద గీసిన డిజైన్ చూసి, రంగు తగలకూడని చోట రబ్బరు ట్యూబు ముక్కలతో బిగించి కడతారు. అద్దుతారు, విప్పుతారు, ఇంకో రంగుకు మళ్లీ కడతారు. ఆ తర్వాత కండెలకు చుట్టి నేస్తారు. నేసేటప్పుడు ప్రతి పేక పోగునూ కాస్త లాగి, సర్ది, డిజైన్‌లో కూర్చోబెట్టాలి. అందుకే ఇక్కత్ బొమ్మ అంచులు పొగమంచులా చెదిరి ఉంటాయి. ఆ చెదురు ఏ రెండు బొమ్మల్లోనూ ఒక్కలా ఉండదు.

ఇప్పుడు ఇందులోంచి ఒక పోగు లాగి చూస్తే దాని మీద రంగు పట్టెలు పట్టెలుగా ఉంటుంది. రెండు సెంటీమీటర్లు ఎరుపు, తర్వాత మెల్లగా పలచబడి తెలుపు, మళ్లీ ఎరుపు. పోగును తిప్పి ఏ వైపు చూసినా అదే రంగు, ఎందుకంటే పోగంతా తొట్టిలో మునిగింది.

ప్రింటు బట్ట పోగు వేరు. నేత అయ్యాక పైనుంచి ఇంకు పడింది. సాదా నేతలో పోగు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. ఎదురు పోగు కింద దాక్కున్న చోట ఇంకు సరిగా దిగదు. సెంటీమీటరుకు 25 పోగుల నేత అనుకుంటే 6 సెంటీమీటర్ల పోగు 150 ఎదురు పోగులను దాటుతుంది. అందులో 75 చోట్ల కింద ఉంటుంది. అంటే ఆ పోగు మీద 75 పాలిపోయిన చుక్కలు. చీరలో ఉన్నప్పుడు ఇవి కనిపించవు, పోగును బయటికి లాగితేనే కనిపిస్తాయి.

"చీర వెనక్కి తిప్పి చూస్తే ప్రింటో కాదో తెలిసిపోతుంది" అనే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. మందపాటి నూలు మీద అది నడుస్తుంది. పల్చటి పట్టు మీద ఇంకు వెనక్కి బాగానే దిగుతుంది, వెనక వైపు కూడా ముందులాగే కనిపించవచ్చు. ఈ ప్లాట్ మొదటి రూపంలో, కేసు ఛేదించే పరిశోధకురాలు చీర తిప్పి చూసి తేల్చేసేది. అలా అయితే షోరూమ్‌కు వచ్చే ప్రతి పెద్దావిడా మొదటి వారంలోనే తేల్చేసి ఉండాలి. అదొక్కటే ఆ రూపాన్ని పడగొట్టింది.

ముడి

అన్నిటికంటే బాగా కుదిరిన ఆధారం ఇది. నేసేటప్పుడు పోగు తెగితే ముడివేసి కొనసాగిస్తారు. స్కాన్ చేసిన అసలు చీరలో, చిలుక బొమ్మ తోక దగ్గర అలాంటి ముడి ఒకటి ఉంది. స్కాన్‌లో ఆ ముడి, దాని చిన్న నీడతో సహా, బొమ్మలో భాగమైపోయింది. ప్రింటులో డిజైన్ ముక్క 40 సెంటీమీటర్లకు ఒకసారి తిరిగొస్తుంది కాబట్టి ముడి కూడా 40 సెంటీమీటర్లకు ఒకసారి తిరిగొస్తుంది. కంటికి ముడే. గోటితో గీస్తే అక్కడ ఏమీ లేదు, బట్ట నున్నగా ఉంటుంది.

దీన్ని 2వ అధ్యాయంలోనే పాఠకుడి ముందు పెట్టాం, అదీ పూర్తిగా తలకిందులైన అర్థంతో. సేల్స్‌గర్ల్ ఒక కస్టమర్‌కు చీర పరిచి చూపిస్తూ అంటుంది: "చూడండి మేడమ్, ఇక్కడ ముడి కనిపిస్తుందా? మిషన్ నేతలో ఇలా రాదు. చేత్తో నేసినందుకే ఇది." ఆమె అబద్ధం చెప్పడం లేదు, నేర్పిన మాట చెబుతోంది. 19వ అధ్యాయంలో పరిశోధకురాలు అదే చీర మీద గోరు ఆనించేదాకా పాఠకుడికి ఆ ముడి చేనేత గుర్తే.

ఇక్కడ సులువుగా జారిపడే చోటు ఒకటుంది. చిటికి కట్టడంలో జరిగిన తప్పు కూడా చీరలో తిరిగి తిరిగి రావచ్చు, ఎందుకంటే ఒకే కట్టలో కట్టిన పోగులన్నీ ఆ తప్పును మోసుకొస్తాయి. అంటే "తప్పు తిరిగొచ్చింది కాబట్టి ప్రింటే" అని రాస్తే నేత తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. నేతలో పడిన ముడి మాత్రం అలా తిరిగి రాదు. పోగు ఎక్కడ తెగితే అక్కడే. అందుకే ఆధారంగా కట్టు తప్పును వదిలి ముడిని తీసుకున్నాం. 13వ అధ్యాయంలో పోచంపల్లి నేత కార్మికుడి నోటి వెంట ఈ తేడా చెప్పిస్తే చాలు, తర్వాత వివరణ అక్కర్లేదు.

పీకో సంగతి దీనికి తోడు. మగ్గం నుంచి దిగిన చీర కొంగు చివర పడుగు పోగులు (నిలువు పోగులు) వదులుగా వేలాడుతుంటాయి. వాటినే కుచ్చులు కడతారు. ప్రింటు చీరలో ఆ పోగులు అలా వదిలేస్తే చుక్కలు కనిపించే ప్రమాదముంది. కాబట్టి మేనేజర్ ఆ 60 చీరలకూ షోరూమ్‌కు రాకముందే పీకో చేయించాడు. మామూలుగా ఫాల్, పీకో అమ్మాక కస్టమర్ అడిగితే చేసే పని. 5వ అధ్యాయంలో పీకో కుట్టే ఆవిడ "ఈ మధ్య పని తగ్గిందమ్మా, అన్నీ కుట్టేసే వస్తున్నాయి" అని గొణుగుతుంది. ఆమె గోడు కూలి తగ్గిందని. అదే ఆధారమని ఆమెకు తెలియదు, పాఠకుడు కూడా జాలిపడి ముందుకు పోతాడు.

మాస్టర్ వదిలిన పోగు 6వ అధ్యాయంలో ఉంది. ఆయన ఆ పోగును గుండుసూదికి చుట్టి పిన్ కుషన్‌కు గుచ్చాడు. పంచనామాలో దాన్ని ఇలా రాస్తారు: "ఎరుపు-తెలుపు చుక్కల దారం ఒకటి, సుమారు ఆరు సెంటీమీటర్లు, గుండుసూదికి చుట్టబడినది." టేప్, చాక్ ముక్క, కత్తెర, కళ్లద్దాలు, బీడీ కట్ట లాంటి వస్తువుల మధ్య ఇది ఏడోది. జాబితాలో మొదటిదీ చివరిదీ పాఠకుడి కళ్లకు ఆనుతాయి కాబట్టి మధ్యలో పెట్టాలి. "చుక్కల" అన్న ఒక్క మాట మాత్రం తీసేయకూడదు. అది లేకపోతే ముగింపులో మోసపోయామంటారు, న్యాయంగానే.

సరైన పరీక్ష, వేరే ప్రశ్న

10వ అధ్యాయంలో తప్పుడు పరిష్కారం రావాలి. ఎస్సైకి నకిలీ చీరల అనుమానం ముందే వస్తుంది, ఎందుకంటే అతను మందబుద్ధి కాదు. ఒక చీర మడత లోపలి పోగు లాగి లైటర్‌తో కాలుస్తాడు. వెంట్రుకలు కాలిన వాసన. నల్లటి బూడిద, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అయ్యేది, విస్కోస్ అయితే కాగితంలా మండి కాగితం వాసన వచ్చేది. సిల్క్ మార్క్ లేబుల్ కూడా అసలుదే. కాబట్టి సరుకు నికార్సైనదని ఫైలులో రాసుకుని, ఆ దారి మూసేసి, నేత కార్మికుడి మీద పడతాడు.

పరీక్ష తప్పు కాదు. ఫలితమూ తప్పు కాదు. బట్ట నిజంగానే పట్టు. కాల్చి చూస్తే తెలిసేది పోగు ఏ జాతిదన్నదే. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చెప్పేదీ అంతే, స్వచ్ఛమైన పట్టు అని. చేమగ్గం మీద నేసిందా అన్నదానికి 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. పోచంపల్లిలోనే తయారైందా అన్నదానికి భౌగోళిక గుర్తింపు ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కు అది 2005లో వచ్చింది. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కొనేవాళ్లలో చాలామంది వీటిని ఒకటే అనుకుంటారు. ఎస్సై కూడా అలాగే అనుకున్నాడు. ఇంతకంటే నిజాయితీగల తప్పుదారి దొరకడం కష్టం, ఎందుకంటే ఇందులో రచయిత ఏదీ దాచలేదు.

ఒక జాగ్రత్త. ఎస్సై కాల్చింది షోరూమ్ చీర పోగు కావాలి. పిన్ కుషన్ పోగును కాలిస్తే ఉన్న ఒక్క సాక్ష్యమూ బూడిదవుతుంది. మొదటి ప్లాన్‌లో సరిగ్గా అదే జరిగింది, తర్వాత ల్యాబుకు పంపడానికి ఏమీ మిగల్లేదు.

మగ్గం అనే మాట

ఇది తెలుగులో మాత్రమే కుదిరే మలుపు. పోచంపల్లిలో మగ్గం అంటే నేసే మగ్గం, గుంటమగ్గం. హైదరాబాద్ బొటిక్‌లో మగ్గం అంటే జాకెట్టు మీద పూసలు, జరీ కుట్టే ఎంబ్రాయిడరీ ఫ్రేము. "మగ్గం వర్క్" బోర్డు లేని వీధి ఇప్పుడు లేదు.

నేత కార్మికుడు ఆదివారం రాత్రి ఎక్కడున్నాడని అతని భార్యను బొటిక్‌కే పిలిపించి అడుగుతారు. "పదకొండు దాకా మగ్గం మీదనే ఉన్నడు సార్" అంటుంది. రాసుకునే కానిస్టేబుల్ కళ్ల ముందున్నవి నాలుగు మగ్గం వర్క్ ఫ్రేములు. "పదకొండు గంటల వరకు పై అంతస్తులోని మగ్గం వద్ద ఉన్నట్లు" అని రాసేస్తాడు. భార్య చెప్పిన అలిబీయే, అంటే ఆ సమయంలో అతను వేరే చోట ఉన్నాడన్న మాటే, భర్తను హత్యాస్థలంలో నిలబెట్టింది. ఆమెకు చదివి వినిపించినప్పుడు కూడా "మగ్గం వద్ద" అన్నదే చెవిన పడింది, "పై అంతస్తు" పడలేదు.

ఇది నడవాలంటే రెండు పనులు ముందే జరిగి ఉండాలి. 3వ అధ్యాయంలో కారిగర్ ఫ్రేములను "మగ్గాలు" అని కనీసం రెండుసార్లు మామూలు ధోరణిలో పిలవాలి. భార్య మాట, కానిస్టేబుల్ రాత రెండూ వేర్వేరుగా, యథాతథంగా పేజీ మీద ఉండాలి. పాఠకుడు రెండూ చదివాడు, రెంటికీ తేడా ఉంది, అయినా గమనించలేదు అన్నట్టుండాలి. 14వ అధ్యాయంలో పరిశోధకురాలు గుంటమగ్గం పక్కన కూర్చుని "ఇదేనా ఆ మగ్గం?" అని అడిగేదాకా.

పరిశోధకురాలు చేనేతవాళ్లకు సాయపడే ప్రభుత్వ సంస్థ వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో పనిచేసి రిటైరైన డిజైనర్. ప్రైవేటు డిటెక్టివ్‌ను పెట్టలేదు. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కు పోలీసు అధికారాలేవీ లేవు, 2007 నాటి నియంత్రణ బిల్లు చట్టం కాలేదు. పాత పాకెట్ బుక్కుల పద్ధతిలో డిటెక్టివ్ వచ్చి ఇన్‌స్పెక్టర్‌ను పక్కకు తోసి ఇల్లు సోదా చేస్తే ఈనాటి పాఠకుడు నవ్వుతాడు. రిటైరైన ఉద్యోగిని అయితే పోలీసులే బట్ట గురించి అడగడానికి పిలుస్తారు, నేత ఇంట్లోకి ఎవరూ అడ్డు చెప్పరు.

కొట్టేసిన అలిబీ

మొదట ఆసు మీద ఒక అలిబీ కట్టాం. చేత్తో ఆసు పోస్తే ఒక చీరకు సుమారు అయిదు గంటలు. చింతకింది మల్లేశం తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం మీద అదే పని సుమారు గంటన్నర. రాత్రంతా చేత్తో ఆసు పోశానన్నవాడు యంత్రం మీద ముగించి ఉంటే మూడున్నర గంటలు మిగులుతాయి. పోచంపల్లి నుంచి జూబ్లీహిల్స్‌కు వెళ్లిరావడానికి మూడు గంటలు. కాగితం మీద అందంగా ఉంది. మిగిలే అరగంటలో గొడవ, చావు, సర్దుడు అన్నీ ఇరికించాలి, హయత్‌నగర్ ట్రాఫిక్‌ను కూడా నమ్ముకోవాలి. పైగా ఈ లెక్క వల్ల అనుమానం నేత కార్మికుడి మీద రెండు దారుల్లో పడుతుంది. ఒకే మనిషి మీద రెండు తప్పుదారులు పెడితే పాఠకుడు అతను నిర్దోషి అని ఇట్టే పసిగడతాడు. మగ్గం మాటను ఉంచి ఆసును తీసేశాం.

చట్టం దగ్గర పడే గోతులు

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత. "302 కేసు" అని ఇప్పటికీ రాస్తున్నారు, హత్యకు శిక్ష ఇప్పుడు సెక్షన్ 103. ఈ ప్లాట్‌లో జరిగింది చివరికి 105 కింద, అంటే హత్య కాని నేరపూరిత నరహత్య కింద తేలే అవకాశం ఎక్కువ. సాక్ష్యం మాయం చేసినందుకు 238 అదనం. శవ పంచనామా, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 194. సోదా, స్వాధీనాలను వీడియో తీయాలని అదే చట్టం సెక్షన్ 105 చెబుతుంది. దీన్ని కథలోకి తెచ్చుకున్నాం: పిన్ కుషన్ నుంచి సూది తీసే వీడియో ఉంది కాబట్టే, పోగు తర్వాత ఎవరో పెట్టారన్న డిఫెన్సు వాదన 22వ అధ్యాయంలో నిలబడదు. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులను ఘటనాస్థలానికి రప్పించాలని అదే చట్టం సెక్షన్ 176(3) చెబుతుంది. పోగు వెళ్లేది రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబుకు.

అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఒప్పించే చివరి సీను మన దగ్గర పెద్ద గొయ్యి. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23 చెప్పేది అదే. అయితే ఆ మాట ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు చెల్లుతుంది. అందుకే 23వ అధ్యాయంలో మేనేజర్ ఏడ్చి ఒప్పుకోవడం మీద ఏమీ ఆధారపడలేదు. అతను చెప్పిన చోట కోసిన ముక్కల మూట దొరకాలి. ఆ ముక్కల్లో ఒకదాని కోసిన అంచున ఒక పోగు కొరవ ఉండాలి.

సీసీ కెమెరా ప్రశ్న తప్పదు. షోరూమ్‌లో ఉంది. మెట్ల మీద, పనిగది వరండాలో లేదు, ఎందుకంటే ట్రయల్ రూమ్ తలుపు ఆ వరండాలోకే తెరుచుకుంటుంది. బొటిక్‌లో కెమెరా లేకపోవడానికి ఇంతకంటే మర్యాదైన కారణం ఉండదు. "ఆ రోజే పాడైంది" అని మాత్రం రాయొద్దు.

యాభై లెక్క

నేత కార్మికుడి కోపానికి గట్టి కారణం కావాలి. డిజైన్‌ను డిజైన్స్ చట్టం 2000 కింద రిజిస్టర్ చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే ఇంకో అయిదేళ్లు రక్షణ. రిజిస్టర్ చేయించకపోతే కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 15(2) అడ్డొస్తుంది: పారిశ్రామిక పద్ధతిలో యాభై సార్లకు మించి తయారైతే కాపీరైట్ పోతుంది. మొదటి ప్లాన్‌లో "51వ ప్రింటు చీరతో అతని హక్కు పోయింది" అని రాసి ఉంది. వినడానికి పదునుగా ఉంది, కానీ తప్పు. ఆ లెక్కలోకి వచ్చేవి హక్కుదారు చేసినవి, లేదా అతని అనుమతితో వేరేవాళ్లు చేసినవి. దొంగతనంగా కొట్టిన 60 ప్రింట్లు లెక్కలోకి రావు.

ఈ తప్పు దిద్దుతుంటే మేలైన దారి దొరికింది. మేనేజర్ ఆ కార్మికుడి చేత అడ్వాన్సు రసీదు అని చెప్పి ఇంగ్లిషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. అది డిజైన్ వాడుకోవడానికి అనుమతి పత్రం. ఇప్పుడు ఆ 60 "అనుమతితో చేసినవి". కార్మికుడి కొడుకు ఆ కాగితం చదివి చెప్పిన మర్నాడే శనివారం గొడవ. గొడవ షోరూమ్‌లో అందరి ముందూ జరిగింది, అనుమానం అతని మీదికి పోవడానికి అది చాలు. పరిశోధకురాలు అడిగే ప్రశ్న ఇంకోటి: 12 చీరలే కొన్నవాడికి అనుమతి పత్రం ఎందుకు?

ప్లాట్‌లో అసలు రంధ్రం జీఎస్టీ. 60 చీరలు, ఒక్కోటి 6.3 మీటర్లు, మొత్తం 378 మీటర్ల పట్టు సూరత్ నుంచి రావాలి. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు, అంటే రవాణాకు తీసుకునే జీఎస్టీ పత్రం, ఉంటుంది. పోలీసులు బిల్లులు తెప్పిస్తే 8వ అధ్యాయంలోనే కథ ముగుస్తుంది. కాబట్టి సరుకు నాలుగు లాట్లుగా వచ్చింది, ఒక్కో లాటు 15 చీరలు, 39,000 రూపాయలు. పరిమితికి కింద నాలుగు బిల్లులు, ఒకే పార్టీ నుంచి. దాచడానికి చేసిన ఈ పనే 17వ అధ్యాయంలో ఆధారమైంది. ఇంకోటి, పట్టు మీద ప్రింటు రాత్రికి రాత్రి అయ్యే పని కాదు. బట్టకు ముందు మందు పట్టించి ఆరబెట్టాలి, ప్రింటు తర్వాత ఆవిరి పట్టాలి, ఉతకాలి, మళ్లీ ఆరబెట్టాలి. ఆవిరి పట్టకపోతే రంగు ఉతుకులో పోతుంది. కాబట్టి నాలుగు లాట్ల తేదీల మధ్య కనీసం వారం చొప్పున ఎడం ఇచ్చాం.

లెహంగా కస్టమర్

చివరిదాకా తెగనిది ఈవిడ సంగతి. ముక్కలు మాయమయ్యాయి కాబట్టి లెహంగా లేదు. కస్టమర్ మంగళవారం ట్రయల్‌కు వస్తే మొత్తం బయటపడుతుంది. అందుకని ఆమెను డాలస్‌కు పంపాం. కొలతలు వాట్సాప్‌లో వచ్చాయి, ట్రయల్ లేదు, డెలివరీ నెల తర్వాత. దాంతో ఆమె నోరు మెదపదు, బాగుంది. కానీ నెల గడువుంటే మాస్టర్ ఆదివారం రాత్రి వచ్చి హడావిడిగా ఎందుకు కోశాడు? ఆమె నోరు మూయిస్తే ఆయన తొందరకు కారణం పోతోంది. తొందర ఉంచితే ఆమె ఫోన్ చేస్తుంది.

దారి పనిక్రమంలోనే దొరికింది. లెహంగాకు మగ్గం వర్క్ ఉంది, అది మూడు వారాల పని. ఫ్రేముకు ఎక్కించాలంటే చీర అంచు విడదీసి, బట్టను ఫ్రేము కొలతకు ముక్కలు చేసి ఇవ్వాలి. తుది కటింగ్ వర్క్ అయ్యాకే. కారిగర్ సోమవారం పొద్దున మొదలుపెట్టాలంటే ముక్కలు ఆదివారం రాత్రికల్లా ఉండాలి. తొందర కస్టమర్‌ది కాదు, కారిగర్‌ది. శవాన్ని మొదట చూసేది కూడా అందుకే అతనయ్యాడు, 9:40కి, ఫ్రేము బిగించుకోవడానికి వచ్చి.

దీంతో మొదటి అధ్యాయాన్ని ఒక చోట తిరగరాయాల్సి వచ్చింది. పోలీసులు వచ్చాక కారిగర్ ఏడవడు, మాస్టర్ పేరు కూడా ఎత్తడు. ఖాళీ టేబుల్ వైపు చూసి "ముక్కలేవి?" అంటాడు. ఎస్సై అతన్ని రాతిగుండె మనిషి కింద రాసుకుని అనుమానితుల జాబితాలో చేరుస్తాడు.